గురి కింది దన్ను

రైఫిల్ మీద స్కోపు బిగించినంత మాత్రాన గురి కుదరదు. స్కోపు అద్దంలో కనిపించే దారాల కూడలి ఒకచోట ఉంటుంది, తూటా మరొకచోట తగులుతుంది. ఎంచుకున్న దూరంలో ఆ రెండింటినీ ఒక్కచోటికి తెచ్చే పనిని పోలీసు, సైనిక శిక్షణలో జీరోయింగ్ అంటారు. కొన్ని తూటాలు కాల్చి, అవి పడ్డ చోటు చూసి, స్కోపు మరలు తిప్పి, మళ్ళీ కాల్చి సరిచూస్తారు. ఇందుకు ఒకే ఒక షరతు ఉంది. కాల్చిన ప్రతిసారీ తుపాకి ఒకే తీరున నిలవాలి. చేతుల్లో పట్టుకున్న తుపాకి అలా నిలవదు. ఊపిరికి ఛాతీ లేచి పడుతుంది, గుండె కొట్టుకున్నప్పుడల్లా భుజం అదురుతుంది, కాసేపటికి మోచేయి వణుకుతుంది. తుపాకి మడమకూ మూతికీ మధ్య 1 మీటరు ఉందనుకుంటే, మూతి 1 మిల్లీమీటరు పక్కకు జరిగితే చాలు, 100 మీటర్ల అవతల తూటా 10 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. తప్పు స్కోపుదా, కాల్చే మనిషిదా అన్నది అప్పుడు తేలదు. మనిషి వణుకును లెక్కలోంచి తీసేయడానికే తుపాకి కింద ఇసుకమూటో, కర్రో, బల్లో పెట్టి ఆనిస్తారు. ఆ ఆనికనే ఊత అనీ దన్ను అనీ అంటాం. స్కోపు వయసు రెండు వందల ఏళ్ళు కూడా లేదు. దన్ను అంతకంటే చాలా పాతది. తెలుగునేల మీద దాని కథ కోటగోడలతో, అడవి కొండలతో, కొలత గొలుసులతో ముడిపడి ఉంది.

ఆ కథలో చాలా భాగం జరిగిన నేలకు తిరువూరు అంచున ఉంది. ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో, 2022కు ముందు కృష్ణా జిల్లాలో ఉన్న ఈ ఊరు తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉంది. విజయవాడ వైపు నుంచి కొండపల్లి, మైలవరం మీదుగా భద్రాచలానికీ, అక్కడినుంచి జగదల్‌పూర్‌కూ పోయే 30వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే సాగుతుంది. దక్షిణాన కృష్ణ, ఉత్తరాన గోదావరి, నడుమ మెట్టపొలాలు, గుట్టలు, అడవి. తుపాకులు పట్టిన సేనలూ దుర్భిణులు మోసిన కొలతగాళ్ళూ తిరిగిన నేల ఇది.

మెట్టసాగు ఉన్న చోట మంచె ఉంటుంది. నాలుగు గుంజల మీద పరిచిన కర్రల అరుగు, పైన ఆకుల కప్పు. జొన్నచేను గింజ పట్టే రోజుల్లో వడిసెల చేతబట్టి పిట్టలను తోలేది అక్కడినుంచే. వడిసెలకు దన్ను అక్కరలేదు, చెయ్యి గాలిలో తిరగాలి. తుపాకి వచ్చాక అదే మంచె వేటగాడికి ఆసరా అయింది. ఇంగ్లీషు వేట పుస్తకాలలో కనిపించే మచాన్ అన్న మాటా, మన మంచె అన్న మాటా ఒకే సంస్కృత మూలం నుంచి వచ్చినవి. నేల మీద నిలబడ్డవాడికి చేతులే ఆధారం. మంచె ఎక్కి కూర్చున్నవాడికి ముందున్న అడ్డకర్ర దొరుకుతుంది, తుపాకిని దానిమీద ఆనించి గంటల తరబడి కాచుకోవచ్చు.

తుపాకి అన్న పేరే పరాయిది, తుర్కీ భాషనుంచి పారసీ మీదుగా దక్కనుకు చేరింది. మొదట వచ్చినవి ఒత్తి తుపాకులు. గొట్టంలో మందు, పైన గుండు, పక్కన చిన్న గిన్నెలో పొడిమందు. నిప్పంటించిన ఒత్తిని ఒక ఇనుప కొక్కెం పట్టుకుని ఉంటుంది. మీట నొక్కితే ఒత్తి వచ్చి గిన్నెలోని మందును తాకుతుంది. మీట నొక్కడానికీ గుండు బయలుదేరడానికీ మధ్య కొద్దిపాటి జాప్యం ఉంటుంది. కాల్చేవాడి చెయ్యి కదిలిపోయేది సరిగ్గా ఆ జాప్యంలోనే. ఆ పైన బరువు. 16వ శతాబ్దపు స్పెయిన్ సైనికుల మస్కెట్టును పంగకర్ర నేలలో గుచ్చి దానిమీద ఆనిస్తే తప్ప కాల్చడం కష్టం. తుపాకి తేలికపడే కొద్దీ, 17వ శతాబ్దం నడిమికి, ఐరోపా సైన్యాలు ఆ పంగకర్రను వదిలేశాయి. ఆసియాలో మాత్రం అది చాలాకాలం నిలిచింది. టిబెట్టు, మంగోలియా వేటగాళ్ళ తుపాకుల మూతి దగ్గర మడిచి విప్పే రెండు కాళ్ళు ఉండేవి, టిబెట్టులో వాటి కొసలకు జింకకొమ్ములు తొడిగేవారు. భారతదేశపు ఒత్తి తుపాకుల్లోనూ అలాంటి కాళ్ళు ఉన్నవి కనిపిస్తాయి. గొట్టం పొడుగయ్యేకొద్దీ ముందు బరువు పెరుగుతుంది కాబట్టి ఆ కాళ్ళు అవసరంగా పుట్టినవే.

ఏ కర్రా దొరకని చోట ఎదుటి మనిషి భుజమే దన్నయింది. ఒకరి భుజం మీద తుపాకి పెట్టి కాల్చడం అన్న మాట తెలుగులో ఇప్పటికీ బతికే ఉంది. తాను ముందుకు రాకుండా మరొకరిని అడ్డుపెట్టుకుని పని జరిపించుకునేవాణ్ణి ఆ మాటతో పట్టిస్తాం. దాని వెనక ఉన్నది అచ్చమైన పనివాడి పద్ధతి. బరువైన గొట్టాన్ని ముందు నిలబడ్డవాడి భుజానికి ఆనిస్తే గురి నిలుస్తుంది. నిప్పురవ్వలూ పొగా చెవులు పగిలే మోతా మాత్రం ఆ భుజం ఇచ్చినవాడికే. ఆ సామెత కడుపులోని అన్యాయం ఎక్కడినుంచి వచ్చిందో తుపాకి పని తెలిస్తే గాని పూర్తిగా అర్థం కాదు.

నిదానంగా చూసి కాల్చిన గురి ఒక కోట తలరాతను మార్చిన సంగతి 1520 నాటి రాయచూరు ముట్టడిలో ఉంది. ఆముక్తమాల్యద రాసిన కృష్ణదేవరాయలే ఆ ముట్టడి నడిపాడు. గుర్రాలు అమ్ముకోవడానికి వచ్చిన పోర్చుగీసు వర్తకుడు క్రిస్తోవావ్ ద ఫిగ్యురెదో తన వెంట 20 మంది తుపాకిగాళ్ళతో రాయల పక్షాన నిలిచాడు. గోడ మీద తల ఎత్తిన కావలివాళ్ళను వాళ్ళు ఒక్కొక్కరినే గురి చూసి కొట్టారనీ, కావలి పల్చబడగా రాయల మనుషులు గోడ రాళ్ళు పెరకగలిగారనీ ఫెర్నావో నూనిజ్ అనే మరో పోర్చుగీసు వర్తకుడు రాశాడు. కోట అధిపతి గోడ సందులోంచి బయటికి తొంగి చూసినప్పుడు నుదుట గుండు తగిలి చనిపోయాడని కూడా అతడే రాశాడు. ఆనాటి తుపాకుల గురించి ఇంత వివరంగా చెప్పిన కథనాలు దక్కను చరిత్రలో ఎక్కువ లేవు. పెద్ద ఫిరంగులు గోడను కూల్చలేకపోయిన చోట నిదానంగా, ఒక్కొక్క తలనే ఎంచుకుని కాల్చిన చిన్న తుపాకులు దారి చేశాయి. ఆ పని పరుగెత్తే గుర్రం మీదనుంచి జరిగేది కాదు.

రాయచూరుకు నాలుగైదేళ్ళ ముందు, 1515–16 ప్రాంతంలో, అదే రాయలు గజపతుల చేతినుంచి కొండపల్లి కోటను పట్టుకున్నాడు. కొండవీటి రెడ్ల కాలంలో వెలసిన కోట అది. తర్వాత కుతుబ్‌షాహీలకూ, మొగలులకూ, అసఫ్‌జాహీలకూ చేతులు మారుతూ 1766లో ఇంగ్లీషు కంపెనీ వశమైంది. తిరువూరు వైపు పోయే దారికి అది కావలికోట. కోటగోడ కట్టే తీరు తుపాకితో పాటు మారుతూ వచ్చింది. విల్లు పట్టినవాడు గోడ మీద నిలబడి చేతులు చాచాలి. తుపాకి పట్టినవాడు గోడలో వదిలిన సన్నని కంతకు మూతి ఆనించి, తాను రాతి చాటున ఉండి కాల్చగలడు. గోడే దన్ను, గోడే డాలు. గోడల మీద పెట్టి కాల్చే పొడుగాటి బరువు తుపాకులకైతే ఆనిక లేనిదే పనే లేదు. వాటి కొయ్య అడుగున ఇనుప చీల ఉండేది. దాన్ని గోడలోని రంధ్రంలో దించితే తుపాకి ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, బరువు మాత్రం గోడ మోస్తుంది. అదే తుపాకిని ఒంటె జీను మీద ఎక్కిస్తే జంబూరకం. ఒంటెను మోకరిల్లజేసి కాల్చేవారు, నిలబడ్డ ఒంటె ఎంత శిక్షణ ఇచ్చినా కదలకుండా ఉండదు కాబట్టి.

18వ శతాబ్దంలో దన్ను ఒక్కసారిగా వెనకబడింది. 1757 జనవరిలో బొబ్బిలి, 1758 డిసెంబరులో చందుర్తి, 1759 ఏప్రిల్‌లో బందరు. ఫ్రెంచి, ఇంగ్లీషు సేనలు పాల్గొన్న ఈ పోరాటాలతో కవాతు తుపాకి తెలుగునేలకు బాగా తెలిసింది. ఒత్తి పోయి చెకుముకి వచ్చింది. బారులు తీరి నిలబడి, ఆదేశం వినగానే అందరూ ఒకేసారి కాల్చడం కొత్త పద్ధతి. ఇంగ్లీషు సిపాయి పట్టిన బ్రౌన్ బెస్ తుపాకికి వెనక గురి చూసుకునే కంతే లేదు. గొట్టం లోపల గీతలు లేని ఆ తుపాకి గుండు 100 గజాలు దాటితే ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. అలాంటిదానికి ఆనిక ఇచ్చి లాభం ఏముంది? నిమిషానికి మూడుసార్లు మందు దట్టించి కాల్చగలగడమే గొప్ప. మద్రాసు నుంచి క్లైవు బెంగాలుకు తీసుకుపోయిన సిపాయిలలో తెలుగువారు చాలామంది ఉండడంతో బెంగాలులో, ఔధ్‌లో కవాతు సిపాయికి తిలంగా అన్న పేరే పడిపోయింది. 1857 నాటి ఢిల్లీ ఉర్దూ కాగితాలలో కూడా సిపాయిలు తిలంగాలే. అంటే, ఆనించి గురి చూసే పాత అలవాటును పక్కన పెట్టి, గుంపుగా కాల్చే కొత్త విద్యకు ఉత్తరాదిన మన జాతి పేరు ముద్ర అయింది.

గురి నిలకడ గురించిన ఆలోచన ఆ కాలంలో ఆగిపోలేదు. తుపాకిని వదిలి దుర్భిణిలోకి పోయింది. 1640 ప్రాంతంలో ఇంగ్లండులో విలియం గాస్కోయిన్ తన దుర్భిణి లోపల సాలెపురుగు అల్లిన దారాన్ని చూశాడు. దూరాన ఉన్నదానితో పాటు ఆ దారం కూడా స్పష్టంగా కనిపించింది. దుర్భిణిని కచ్చితంగా ఒక బిందువుకు గురి పెట్టవచ్చని అప్పుడు తెలిసింది. తర్వాతి కాలంలో కొలత పరికరాలలోనూ తుపాకి స్కోపులలోనూ సాలెదారాలనే అడ్డంగా నిలువుగా కట్టేవారు. ఈనాటి రైఫిల్ స్కోపుకు ఆ పరికరాలు తోబుట్టువులు. వాటికి కావలసిన నిలకడను గురించి తెలుగునేల మీద జరిగినంత కష్టమైన పాఠం చాలా తక్కువ చోట్ల జరిగింది.

ఇంగ్లీషు కొలతగాడు విలియం లాంబ్టన్ 1802 ఏప్రిల్ 10న మద్రాసు పరంగిమల దగ్గర మొదటి ఆధారరేఖను కొలవడం ప్రారంభించాడు. కోణాలు కొలవడానికి ఆయన వాడిన పెద్ద థియోడొలైట్ లండనులో విలియం కేరీ చేసినది. దాని అడ్డ చక్రం 36 అంగుళాలు, మొత్తం బరువు దాదాపు అర టన్ను. ఓడలో వస్తుండగా ఫ్రెంచివారు పట్టుకుని మారిషస్‌కు తీసుకుపోయారు. అది శాస్త్ర పరికరమని తెలిసి తిరిగి పంపించారు. చేతికి అందే సాధనాన్ని ఇంత బరువుగా ఎందుకు చేస్తారన్న ప్రశ్నకు జవాబు నిలకడే. తేలికైనది గాలికి అదురుతుంది. మైళ్ళ దూరంలో ఉన్న కొండమీది జెండాకు గురి పెట్టినప్పుడు కోణం రవ్వంత తప్పినా లెక్క మొత్తం పాడవుతుంది. ఒక డిగ్రీలో 60వ వంతు నిమిషం, నిమిషంలో 60వ వంతు సెకను. లాంబ్టన్ పట్టుకోజూసినవి ఆ సెకన్లను.

1808లో తంజావూరు బృహదీశ్వరాలయం మీదికి ఆ పరికరాన్ని ఎక్కిస్తుంటే తాడు తెగి గోడకు కొట్టుకుంది. చక్రం వంకరపోయింది. లాంబ్టన్ గుడారంలో కూర్చుని ఆరు వారాల పాటు, కొంచెం కొంచెంగా లాగి బిగించి, దాన్ని మళ్ళీ గుండ్రం చేశాడు. ఆ మరమ్మతు చక్రంతోనే కొలతలు ఉత్తరానికి సాగాయి. 1811లో గుత్తి దగ్గర, 1815లో బీదరు సమీపంలో ఆధారరేఖలు కొలిచారు. చదునైన నేల మీద 100 అడుగుల ఉక్కు గొలుసును పెట్టెలలో పరిచి, పెట్టెలను కాళ్ళ మీద నిలబెట్టి, ఎండకు ఎంత సాగిందో ప్రతిసారీ లెక్కలోకి తీసుకుంటూ ముందుకు పోయేవారు. గొలుసుకూ దన్నే కావాలి. నేల మీద పడేస్తే ప్రతి మట్టిగడ్డా ఒక తప్పే.

1818 జనవరిలో ఈ పనికి గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వే అన్న పేరు వచ్చింది. ఆ ఏడాది చివర జార్జి ఎవరెస్టు హైదరాబాదులో లాంబ్టన్‌కు సహాయకుడిగా చేరాడు. 1819లో ఆయనకు అప్పగించిన పని కృష్ణా గోదావరుల నడిమి దేశాన్ని త్రికోణాలుగా కొలవడం. ఆ నడిమి నేలకు దక్షిణపు అంచునే తిరువూరు ప్రాంతం ఉంది. వాన కడిగిన గాలిలో దూరపు కొండలు స్పష్టంగా కనిపిస్తాయని కొలతకు వానాకాలాన్నే ఎంచుకునేవారు. గురికి మంచి కాలమే మనిషి ప్రాణానికి చెడ్డ కాలం అయింది. అడవిజ్వరం బృందాన్ని నేలకూల్చింది. ఎవరెస్టుతో పాటు పనివాళ్ళు పెద్ద సంఖ్యలో మంచం పట్టారు, కొందరు హైదరాబాదు చేరకుండానే చనిపోయారు. ఎవరెస్టు 1820లో కోలుకోవడానికి దక్షిణాఫ్రికా కొసకు ఓడ ఎక్కవలసి వచ్చింది. ఆ కొండల మీద చెట్లు నరికి, రాళ్ళు పేర్చి, బరువైన పరికరాలను ఎక్కించిన కూలీల పేర్లు మనకు తెలియవు. ప్రపంచంలో అతి ఎత్తైన శిఖరానికి ఎవరెస్టు పేరు పెట్టారు. కానీ ఆయన గురికి దన్ను ఇచ్చింది ఆ కూలీల భుజాలేనని కొలతల చరిత్ర చదివే తెలుగువాళ్ళు గుర్తుంచుకోవాలి.

1823లో లాంబ్టన్ చనిపోయాక పని ఎవరెస్టు చేతికి వచ్చింది. గంగా మైదానంలో కొండలు లేవు కాబట్టి ఆయన 50 అడుగుల బురుజులు కట్టించాడు. ఆ బురుజుల కట్టుబడిలోనే దన్ను సూత్రం పూర్తిగా కనిపిస్తుంది. నడుమ ఒక స్తంభం, దానిమీద పరికరం. చుట్టూ మనిషి నిలబడే అరుగు, ఆ స్తంభాన్ని ఎక్కడా తాకకుండా. చూసేవాడి అడుగుల బరువు పరికరానికి చేరకూడదు. తర్వాత 1862–63లో విశాఖపట్నం దగ్గర ఆధారరేఖ కొలిచేనాటికి గొలుసు స్థానంలో ఇనుము, ఇత్తడి జంటగా చేసిన 10 అడుగుల కడ్డీలు వచ్చాయి. ఎండకు రెండు లోహాలూ వేర్వేరుగా సాగినా గుర్తుల మధ్య దూరం మారకుండా చేసిన ఏర్పాటు అది.

సరిగ్గా అదే దశాబ్దాలలో తుపాకి మళ్ళీ దన్నును వెతుక్కుంటూ వచ్చింది. గొట్టం లోపల మెలికల గీతలు చెక్కితే గుండు బొంగరంలా తిరుగుతూ తిన్నగా పోతుందని చాలాకాలంగా తెలుసు. దట్టించడానికి పట్టే సమయమే అడ్డు. 1849లో ఫ్రెంచివాడు మినియె చేసిన కొత్త గుండుతో ఆ అడ్డు తొలగింది. 1853 నాటి ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కు దూరాన్ని బట్టి ఎత్తు మార్చుకునే గురి ఉంది. గురి ఉన్న తుపాకికి గురి నేర్పే బడి కావాలి. 1853లోనే ఇంగ్లండులోని హైత్‌లో అలాంటి బడి తెరిచారు. అప్పటి ఇండియాలో డమ్‌డమ్, అంబాలా, సియాల్‌కోట్‌లలో శిక్షణ కేంద్రాలు పెట్టారు. 1857లో కొవ్వు తూటాల మీద రగిలిన గొడవ ఆ శిక్షణ కేంద్రాల దగ్గరే మొదలైంది.

ఆ బడులలో కొత్తవాడికి మొదటిరోజే తుపాకి పేల్చే పని ఇచ్చేవారు కాదు. మూడుకాళ్ళ బల్ల మీద ఇసుకమూట, దానిమీద రైఫిల్. శిష్యుడు రైఫిల్‌ను తాకకుండా గురిలోంచి చూస్తూ, దూరాన కాగితం దగ్గర నిలబడ్డవాడికి చేతితో సైగ చేస్తాడు. వాడు చుక్కబిళ్ళను అటూ ఇటూ జరుపుతాడు. గురి కుదిరిందనగానే అక్కడ పెన్సిలుతో చుక్క పెడతాడు. ఇలా మూడుసార్లు చేసి చుక్కలు కలిపితే ఒక త్రికోణం వస్తుంది. చిన్న త్రికోణం వస్తే కంటికి నిలకడ ఉంది. పెద్దది వస్తే తప్పు కంటిదే, ఎందుకంటే తుపాకి కదలలేదు. తూటా ఖర్చు లేకుండా మనిషి తప్పును కొలిచే ఈ పద్ధతి నేర్పే విద్యలన్నిటిలో మేలైన వాటిలో ఒకటి. ఇప్పటికీ ఎన్‌సీసీలో .22 రైఫిల్ పట్టి 25 గజాల దూరంలో కాల్చే కుర్రవాళ్ళకు చెప్పే మొదటి మాట ఇదే. తూటాలన్నీ ఒక్కచోట గుంపుగా పడాలి, నడుమ పడడం తర్వాతి సంగతి.

1860 జులై 2న లండను శివారు వింబుల్డన్‌లో విక్టోరియా రాణి ఒక విట్‌వర్త్ రైఫిల్‌తో తొలి గుండు కాల్చి పోటీలు ప్రారంభించింది. రాణి తుపాకిని చేతిలో పట్టుకోలేదు. ఇనుప దన్నులో బిగించి, ముందే గురి కుదిర్చి, మీటకు పట్టుదారం కట్టి ఉంచారు. ఆమె దారం లాగింది. 400 గజాల దూరంలో గుండు నడిబిందువుకు ఒక అంగుళం పావు పక్కన తగిలింది. వేడుక కోసం చేసిన పనే అయినా, మనిషిని తప్పిస్తే తుపాకి ఎంత కచ్చితంగా కొట్టగలదో అందరి ముందూ రుజువైంది. అదే విట్‌వర్త్ రైఫిళ్ళలో కొన్నిటికి అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణ రాష్ట్రాల సైనికులు బిగించుకున్న స్కోపు డేవిడ్‌సన్ పేరిటిది. డేవిడ్ డేవిడ్‌సన్ బొంబాయి సైన్యంలో పనిచేసిన అధికారి. రైఫిల్‌కు దుర్భిణి అమర్చే ఆలోచనను ఆయన మనదేశంలో వేటాడుతూనే పెంచుకున్నాడు. కొలతగాళ్ళ దుర్భిణి తుపాకి మీదికి ఎక్కడంలో ఇండియా అడవులకు ఇలా ఒక పాలు ఉంది.

దన్ను విలువ వేటగాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. సంస్థానాధీశుల వేటలో రెండు పద్ధతులుండేవి. ఏనుగు మీది అంబారీ ఒకటి, మంచె మరొకటి. అంబారీలో దర్పం ఎక్కువ, నిలకడ తక్కువ. ఏనుగు ఊపిరి పీల్చినా అంబారీ కదులుతుంది. మంచె మీద ఓపిక కావాలి, గురి మాత్రం కుదురుతుంది. 1869 నుంచి 1911 వరకు హైదరాబాదును ఏలిన ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ గురిలో దిట్టగా పేరు పొందాడు. ఆయన ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ తీసిన వేట చిత్రాలు నేటికీ మిగిలి ఉన్నాయి. నిజాం రాజ్యపు హద్దు తిరువూరు తాలూకాకు ఆనుకునే ఉండేది. 1878 ఆయుధాల చట్టం ప్రకారం బ్రిటిషు వైపు రైతు లైసెన్సు లేకుండా తుపాకి పట్టకూడదు. హద్దు దాటితే నిజాం సర్కారు రూళ్ళు. ఒకే అడవి, ఒకే పంది, ఒకే పంట, రెండు చట్టాలు. 1956లో ఆ హద్దు చెరిగిపోయింది, 2014లో రాష్ట్రాల హద్దుగా మళ్ళీ లేచింది. ఈలోగా 1959 ఆయుధాల చట్టం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దేశమంతటికీ వచ్చాయి. వేట ఆగిపోయింది. ఆగవలసినదే. స్కోపు రైఫిల్ గురి కుదిర్చే పనికి ఇప్పుడు తగిన చోటు అనుమతి ఉన్న ఫైరింగ్ రేంజి ఒక్కటే.

ఆ రేంజిలో ఈనాడు జరిగే పని పాత పాఠాలన్నిటినీ కలుపుకున్నదే. ఒక్క తేడా గమనించదగ్గది. కొలతగాడు తన దుర్భిణికి గట్టి రాయి కోరుకుంటాడు. తుపాకికి గట్టి రాయి పనికిరాదు. పేలినప్పుడు గొట్టం వణుకుతుంది, మొత్తం తుపాకి వెనక్కు తన్నుతుంది. గట్టి దాని మీద పెడితే అది ఎగిరి పడుతుంది, గుండు పైకి పోతుంది. కదలకుండా పట్టుకోవాలి, తన్నినప్పుడు ఇవ్వాలి. ఈ రెండు గుణాలూ కలిసి ఉన్నది ఇసుకే. ఎండిన ఏటి ఇసుకను జల్లించి గట్టి గుడ్డసంచిలో నింపి కుడితే ఎంత ఖరీదైన ఇనుప స్టాండుకూ తీసిపోని దన్ను తయారవుతుంది. ముందు మూట తుపాకి కొయ్య ముందుభాగం కింద ఉండాలి. గొట్టం కింద పెడితే దాని వణుకు మారిపోయి, గురి మూట మీద ఒకటి, చేతిలో ఒకటి అవుతుంది. చిన్న మూట మడమ కింద ఉంటుంది. ఎడమ చేత్తో దాన్ని నొక్కితే మూతి కాస్త దిగుతుంది, వదిలితే లేస్తుంది. చెక్కిలి కొయ్యకు ప్రతిసారీ ఒకే చోట తాకాలి, లేకపోతే స్కోపులోని దారాలు లక్ష్యం మీద జరిగినట్టు కనిపిస్తాయి.

మొదటి తూటాలు 25 మీటర్ల దూరంలో కాలుస్తారు, కాగితం మీద ఎక్కడో ఒకచోట తప్పక పడతాయి కాబట్టి. తర్వాత 100 మీటర్లకు పోతారు. అక్కడ ఒక నిమిషం కోణం అంటే సుమారు 2.9 సెంటీమీటర్లు. చాలా స్కోపుల మర ఒక క్లిక్కుకు పావు నిమిషం జరుగుతుంది, అంటే 7 మిల్లీమీటర్ల పైచిలుకు. మూడు లేదా ఐదు తూటాల గుంపు నడిమి భాగం 6 సెంటీమీటర్లు కిందికీ, 3.5 సెంటీమీటర్లు కుడికీ ఉంటే మర ఎనిమిది క్లిక్కులు పైకీ, ఐదు క్లిక్కులు ఎడమకూ తిప్పాలి. ఒక్క తూటాను చూసి మర తిప్పేవాడు ఎప్పటికీ గురి కుదర్చలేడు. వేడెక్కిన గొట్టం గుండును దారి తప్పిస్తుంది కాబట్టి గుంపుకూ గుంపుకూ మధ్య ఆగాలి. ఆ ఆగడమే చాలామందికి చేతకాదు.

దన్ను మొత్తంగా నిషేధించిన చోటు ఒకటుంది, అది ఒలింపిక్ ఎయిర్ రైఫిల్ పోటీ. హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 701.1 పాయింట్లతో కాంస్యం గెలిచాడు. ఆ పోటీలో స్కోపు ఉండదు, దుర్భిణి అద్దం లేని కంత గురే. నిలబడి కాల్చాలి, తుపాకి 5.5 కిలోలు మించకూడదు, లక్ష్యంలోని పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. అక్కడ మనిషే తన ఎముకలను దన్నుగా మలుచుకుంటాడు. ఎడమ మోచేయి తుంటి ఎముక మీద ఆనుతుంది, బరువు కండరాల మీద పడకుండా ఎముకల వెంట నేలకు దిగుతుంది. ఏళ్ళ సాధన అంతా ఆ ఆనికను ప్రతిసారీ ఒకే చోట దొరకబుచ్చుకోవడం కోసమే. 50 మీటర్ల రైఫిల్ పోటీదారులు తమ తుపాకికి ఏ బ్యాచ్ తూటా సరిపోతుందో తేల్చుకునేటప్పుడు మాత్రం, 1860లో వింబుల్డన్‌లో చేసినట్టే, మనిషిని పక్కకు తప్పించి తుపాకిని ఇనుప బిగింపులో బిగించి కాలుస్తారు.